సూపర్‌హీరో కామిక్స్ సంకలనాలు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ రైలెక్కి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా వెళ్లి, సాయంత్రం మళ్లీ వెనక్కి వస్తాను. పన్నెండు పదమూడేళ్లుగా ఆ రైల్లో సూపర్‌హీరో కామిక్స్ చదువుతున్నాను. నెలకి ఒకటో రెండో, అంతే. అరుదైనవి వెతికి పోగుచేసే అలవాటు నాకు లేదు. కొన్నది చదువుతాను, నచ్చితే దాచుకుంటాను, లేకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాను. చేతిలో పుస్తకం చూసి రైల్లో తోటివాళ్లు, ఆఫీసులో స్నేహితులు, పండక్కి వచ్చిన చుట్టాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నేను చెప్పే జవాబులే ఇవి.

సంకలనం అంటే ఏమిటి? విడి కామిక్‌కీ దానికీ తేడా ఏమిటి?

అమెరికాలో కామిక్ సాధారణంగా నెలకో సంచికగా వస్తుంది. ఒక్కో సంచికలో ఇరవై, ఇరవై రెండు పేజీల కథ ఉంటుంది. అలాంటివి ఐదారు కలిపి, మధ్యలో ప్రకటనలు తీసేసి ఒక పుస్తకంగా వేస్తే అదే సంకలనం. మన వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవల తర్వాత పుస్తకంగా వచ్చినట్టు.

నేను చదివే వేగం స్టేషన్లలో చెబుతాను. విజయనగరంలో రైలు కదలగానే మొదలుపెడితే చీపురుపల్లి వచ్చేలోపు ఒక సంచిక అయిపోతుంది. పొందూరు దాటేసరికి రెండోది పూర్తవుతుంది. రానూపోనూ ప్రయాణం కలుపుకుంటే రెండు రోజుల్లోపు ఒక పుస్తకం.

ఇన్నేళ్ల కథ కదా, ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరూ మొదట అడిగేది ఇదే. చాలామంది ఆగిపోయేది కూడా ఇక్కడే. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. అప్పటి నుంచి వాళ్ల కథలు వస్తూనే ఉన్నాయి. అన్నీ వరసగా చదవడం ఎవరివల్లా కాదు, చదవాల్సిన అవసరమూ లేదు.

నేను మొదట్లో కొన్న పుస్తకం ఒక పెద్ద యుద్ధం కథ. అట్ట మీద ముప్పై మంది హీరోలు ఉన్నారు. లోపల సగం కథే ఉంది. మిగతా సగం వేరే హీరోల పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. అవి కూడా తెప్పించుకున్నాను. వాటి చివర ఇంకో యుద్ధం మొదలైంది. ఆరు నెలలు డబ్బు పెట్టాక, ఒక్క కథ కూడా పూర్తిగా చదవలేదని గుర్తించి బాధపడ్డాను.

నెలనెలా రావాల్సిన కామిక్‌లో హీరోకి నిజంగా ఏమీ కాకూడదు. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయాడు. అమెరికా పత్రికలన్నీ రాశాయి. 1993లో తిరిగి వచ్చేశాడు. ఎక్స్-మెన్ అనే హీరోల జట్టులో జీన్ గ్రే 1980లో చనిపోయింది. చదివినవాళ్లు ఏడ్చే కథ అది. 1986లో ఆమెనూ తిరిగి తెచ్చారు. రోజూ రాత్రి ఏడున్నరకి వచ్చే టీవీ సీరియల్ చూసేవాళ్లకి ఈ పద్ధతి బాగా తెలుసు.

అందుకే నా మాట ఒక్కటే: ముగింపు ఉన్న పుస్తకం కొనండి. హీరో ఎవరన్నది తర్వాత చూడొచ్చు. ఆ రచయితా ఆ చిత్రకారుడూ కలిసి మొదలుపెట్టి, చెప్పాల్సింది చెప్పి ముగించారా అన్నది ముందు చూడాలి.

చందమామలో బేతాళ కథలు చదివినవాళ్లకి ఇది సులభంగా అర్థమవుతుంది. బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు, విక్రమార్కుడు మళ్లీ వెళ్తాడు, ఆ నడకకి అంతులేదు. కానీ ఆ నెల కథ ఆ నెలలోనే అయిపోతుంది. ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది. ఏ సంచిక నుంచి మొదలుపెట్టినా మనకి లోటు లేదు. మంచి సూపర్‌హీరో సంకలనం కూడా అలాగే ఉండాలని నేను కోరుకుంటాను.

అలా ముగిసే పుస్తకాలు ఏవి?

ముందుగా బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్. 1987లో నాలుగు సంచికలుగా వచ్చింది. రచన ఫ్రాంక్ మిల్లర్, బొమ్మలు డేవిడ్ మాజుకెల్లి. చిన్న పుస్తకం. బ్యాట్‌మ్యాన్ గురించి ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే అతని మొదటి ఏడాదే ఈ కథ. నాకు మాత్రం ఇందులో హీరో జిమ్ గోర్డన్. లంచాలు మరిగిన పోలీసు శాఖలోకి బదిలీ మీద వస్తాడు. భార్య గర్భవతి. డబ్బు తీసుకోనన్నందుకు తోటి పోలీసులే అతన్ని కొడతారు. కొత్త ఊరు, కొత్త ఆఫీసు, ఎవరిని నమ్మాలో తెలియని రోజులు. బదిలీ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఈ టెన్షన్ అందరికీ తెలుసు. మాజుకెల్లి బొమ్మల్లో అనవసరమైన గీత ఒక్కటి కనిపించదు.

రెండోది మార్వెల్స్, 1994. నాలుగు సంచికలు. కర్ట్ బ్యూసియెక్ రాశాడు, అలెక్స్ రాస్ పేజీలోని ప్రతి బొమ్మ గడీ రంగులతో చిత్రించాడు. ఒక పత్రికా ఫొటోగ్రాఫర్ కళ్లతో కథ నడుస్తుంది. పైన ఆకాశంలో హీరోలు కొట్టుకుంటుంటే, కింద రోడ్డు మీద తలెత్తి చూసే మనిషి సంగతేమిటి అన్నది ఇందులో విషయం. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామకి వేసిన అట్టలు చూస్తూ పెరిగిన కన్ను నాది. చేత్తో వేసిన రంగులో మనిషి ఒంటి మీద వెలుగు ఎలా పడుతుందో ఆ అట్టలే నాకు చూపించాయి. రాస్ బొమ్మలు చూసినప్పుడు నాకు ఆ అట్టలే గుర్తొచ్చాయి. ఇద్దరి పద్ధతులూ వేరే, కానీ తొందరపడకుండా ఆగి చూడమని ఇద్దరూ అడుగుతారు.

మూడోది ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్. 2005 నుంచి 2008 వరకు పన్నెండు సంచికలు. గ్రాంట్ మారిసన్ రచన, ఫ్రాంక్ క్వైట్‌లీ బొమ్మలు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. సూర్యుడి దగ్గర ఆపదలో ఉన్నవాళ్లని కాపాడబోయి, సూపర్‌మ్యాన్ తట్టుకోలేనంత సూర్యశక్తి పీల్చుకుంటాడు. అతని ఒంట్లో కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఉన్న కొద్దికాలంలో ఏం చేస్తాడన్నదే కథ. అతని పుట్టుక నుంచి పెంపకం దాకా జరిగినదంతా మొదటి పేజీలో నాలుగు బొమ్మల్లో చెప్పేశారు. దీనికి ముందు వేరే పుస్తకం చదవనక్కర్లేదు.

పదో సంచికలో ఒక పేజీ ఉంది. ఎత్తైన మేడ అంచు మీద ఒక అమ్మాయి దూకడానికి నిలబడి ఉంటుంది. సూపర్‌మ్యాన్ వెనక నుంచి వచ్చి, నీ డాక్టర్ నిజంగానే దారిలో చిక్కుకుపోయి ఆలస్యమైంది అని చెబుతాడు. నువ్వు అనుకుంటున్న దానికంటే బలమైనదానివి అంటాడు. ఆ అమ్మాయి అతన్ని పట్టుకుంటుంది. అంతే, ఒకే పేజీ. గ్రహాలు మోసేవాడు తన చివరి రోజుల్లో ఒక అమ్మాయి కోసం ఆగాడు. మొదటిసారి అది చదివింది గరివిడి దగ్గర రైలు ఆగి ఉన్నప్పుడు. తర్వాతి పేజీ తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అందరూ వాచ్‌మెన్ చదవమంటారు కదా?

చదవాలి. కానీ మొదట అదే వద్దు. 1986, 87లో పన్నెండు సంచికలుగా వచ్చింది, రచన అలన్ మూర్, బొమ్మలు డేవ్ గిబ్బన్స్. పేజీకి తొమ్మిది గడుల లెక్క దాదాపు పుస్తకమంతా సాగుతుంది. ఐదో అధ్యాయం పేజీల అమరిక అద్దంలో చూసినట్టు ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా ఉంటుంది. ఇది గమనించాక నేను పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. అయితే సూపర్‌హీరోలంటే మనకున్న నమ్మకాన్ని విప్పి చూపించే పుస్తకం ఇది. ఆ నమ్మకం ముందు కాస్త ఏర్పడితేనే, విప్పినప్పుడు మనకి తగులుతుంది. ఐదారు పుస్తకాలయ్యాక తీయండి.

ది డార్క్ నైట్ రిటర్న్స్?

1986 నాటిది, ఫ్రాంక్ మిల్లర్‌దే. యాభై దాటిన బ్యాట్‌మ్యాన్ పదేళ్ల తర్వాత మళ్లీ బయటికి వస్తాడు. గొప్ప పుస్తకమని ఒప్పుకుంటాను, కానీ నాకు దగ్గర కాలేదు. పేజీల నిండా చిన్నచిన్న టీవీ తెరలు, వాటిలో ఇంకా చిన్న అక్షరాలు. కదిలే రైల్లో కళ్లు లాగేస్తాయి. ఆ బ్యాట్‌మ్యాన్ కోపం కూడా నాకు బరువనిపిస్తుంది.

"ఈ వయసులో ఈ బొమ్మల పుస్తకాలేటి?"

ఇది మా అమ్మ ప్రశ్న. అమ్మకి నేను చూపించింది స్పైడర్‌మ్యాన్ పాత కథ. 1966 మొదట్లో వచ్చిన 33వ సంచిక. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో చేసినది. స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్. అతని పిన్ని మే ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటుంది. ఆమెని బతికించే మందు అతని కళ్లెదుటే, చేతికి అందనంత దూరంలో పడి ఉంటుంది. అతని మీద గుట్టలాంటి ఇనుప యంత్రం. పైనుంచి నీళ్లు కారుతున్నాయి. ఎత్తలేడు. మళ్లీ ప్రయత్నిస్తాడు, ఎత్తలేడు. చనిపోయిన బాబాయి గుర్తొస్తాడు. యంత్రం కొంచెం కొంచెంగా లేస్తున్నకొద్దీ డిట్కో బొమ్మలు పెద్దవవుతూ వస్తాయి. చివరికి అతను దాన్ని విసిరేసేటప్పుడు పేజీ మొత్తం ఒకే బొమ్మ.

అమ్మకి ఇంగ్లీష్ రాదు. బుడగల్లో మాటలు నేను చదివి వినిపించాను. బొమ్మలు పెద్దవవుతున్న సంగతి మాత్రం అమ్మే వేలు పెట్టి చూపించింది. "ఆ మందు అందిందా ఆవిడికి?" అని అడిగింది. అందింది. ఇప్పటికీ ఆ పుస్తకం నా దగ్గరే ఉంది.

లోపల వేసుకోవాల్సింది పైన వేసుకుంటాడెందుకు సూపర్‌మ్యాన్?

పిల్లలు నవ్వుతూ అడుగుతారు గానీ దీనికి మంచి జవాబు ఉంది. ఆ రోజుల్లో సర్కస్‌లో బలప్రదర్శన చేసే వస్తాదుల వేషం అది. ఒంటికి అతుక్కునే బట్ట, దానిపైన లాగు, నడుముకి పట్టీ. సూపర్‌మ్యాన్ బొమ్మ గీసిన జో షుస్టర్ ఆ వస్తాదుల నుంచే తీసుకున్నాడు.

అలాంటి వస్తాదు మన దగ్గరే ఉన్నారని చెబితే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. కోడి రామ్మూర్తి నాయుడు గారు. వీరఘట్టంలో పుట్టారు, విజయనగరంలో కసరత్తు నేర్చుకున్నారు, సొంతంగా సర్కస్ నడిపారు. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకునేవారు. ఒంటికి చుట్టిన గొలుసులు ఊపిరి బిగబట్టి తెంచేవారు. కార్లని గొలుసులతో పట్టి ఆపేవారు. కలియుగ భీముడని పిలిచేవారు ఆయన్ని. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన 1942లో పోయారు. అప్పటికి అమెరికాలో సూపర్‌మ్యాన్ వచ్చి నాలుగేళ్లు. సూపర్‌మ్యాన్ మొదటి అట్ట మీద కారుని ఎత్తి పట్టుకున్న బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ఆ స్టేడియం మీదుగా వెళ్లే పిల్లల్లో ఆయన ఎవరో తెలిసినవాళ్లు ఎంతమంది? ఆయన కథని కూడా ఎవరైనా ఇలా బొమ్మల్లో, మంచి కాగితం మీద, తెలుగులో వేస్తే మొదటి ప్రతి నేను కొంటాను.

పేపర్‌బ్యాక్, హార్డ్‌కవర్, ఆమ్నిబస్. ఏది కొనాలి?

పేపర్‌బ్యాక్. ఆమ్నిబస్ అంటే ఎనిమిది వందలు, వెయ్యి పేజీల గట్టి అట్ట పుస్తకం. బల్ల మీద పెట్టుకునే చదవాలి. పడుకుని గుండెల మీద పెట్టుకుంటే ఊపిరాడదు. రైలుకి అసలు పనికిరాదు. ఒకటి కొన్నాను, ఇంట్లో బాగుంటుంది, ఏడాదికోసారి తీస్తాను.

కొనేముందు ఒకటి చూడండి. రెండు పేజీల మీదుగా పరుచుకున్న పెద్ద బొమ్మ ఉన్నచోట పుస్తకం తెరవండి. జిగురుతో అతికించిన లావు పుస్తకమైతే బొమ్మ మధ్యభాగం మడతలోకి వెళ్లిపోతుంది, అక్షరాలు కూడా పోతాయి. కుట్టు బైండింగ్ అయితే పుస్తకం చక్కగా పరుచుకుంటుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇది తెలిసే దారి లేదు, కాబట్టి లోపలి పేజీల ఫొటోలు ఎవరైనా పెట్టారేమో వెతకండి.

2024 నుంచి, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ వాళ్లు నవల సైజులో చిన్న పుస్తకాలు వేస్తున్నారు. వాచ్‌మెన్, ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ రెండూ అలా వచ్చాయి. ధర తక్కువ, సంచీలో పడతాయి. బొమ్మ చిన్నదవుతుంది, అదొక్కటే లోటు. మొదటిసారి చదివేవాళ్లకి నేను అవే చెబుతాను.

పుస్తకం మీద "1" అని ఉంటే అదే మొదటిదా?

కాకపోవచ్చు. రచయిత మారితే మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెడతారు. ఒకే హీరోకి ఐదారు "ఒకటో భాగాలు" ఉంటాయి. స్పైడర్‌మ్యాన్, ఎక్స్-మెన్ పుస్తకాలు వేసే మార్వెల్ వాళ్లకి ఎపిక్ కలెక్షన్లని ఒక సంకలనాల వరస ఉంది. వాటిలో ఇంకో చిక్కు ఉంది. అంకెలు కథాకాలాన్ని బట్టి వేస్తారు గానీ పుస్తకాలు ఆ వరసలో విడుదల చెయ్యరు. మూడోది లేకుండానే పదిహేడోది దుకాణంలో ఉండొచ్చు. వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఏ సంచిక నుంచి ఏ సంచిక దాకా కలిపారో రాస్తారు. అది చదివి కొనండి.

ఇంగ్లీష్ అంతగా రాకపోతే?

కష్టమేమీ లేదు. సగం కథ బొమ్మలే చెబుతాయి. మా మేనల్లుడు తొమ్మిదో తరగతిలో ఇలాగే ఇంగ్లీష్ చదవడానికి అలవాటుపడ్డాడు. అర్థం కాని మాట వస్తే నిఘంటువు తియ్యకుండా ముందు మొహం చూడమన్నాను. ఆ మనిషి కోపంగా ఉన్నాడా, భయపడుతున్నాడా తెలిస్తే మాట దానంతట అదే తెలుస్తుంది. అరవైల నాటి కథల్లో మాటలు మరీ ఎక్కువ, వాటితో మొదలుపెట్టకండి.

పిల్లలకి ఇవ్వొచ్చా?

అన్నీ ఇవ్వకండి. సూపర్‌హీరో బొమ్మ ఉందని చూసుకోకుండా కొనిచ్చేవాళ్లని చూశాను. వాచ్‌మెన్, 1988లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ కథ ది కిల్లింగ్ జోక్, రెండూ పెద్దవాళ్ల పుస్తకాలు. రెండోదాంట్లో ఒక స్త్రీకి జరిగే హింస నాకే తట్టుకోవడం కష్టమైంది. మీరు ముందు చదివి తర్వాత ఇవ్వండి.

పన్నెండు దాటిన అమ్మాయిలకీ అబ్బాయిలకీ నేను ఇచ్చేది మిజ్ మార్వెల్, 2014. రచన జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా. మొదటి సంకలనానికి 2015లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. కమలా ఖాన్ జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల. రాత్రి బయటికి వెళ్తానంటే నాన్న ఒప్పుకోడు. అమ్మకి బెంగ. ఇంట్లో తిండి దగ్గర, స్నేహితుల దగ్గర, చదువు దగ్గర ఎప్పుడూ ఏదో ఒక లాగుడు. మన వీధుల్లో పిల్లలకి ఆ ఇల్లు పరాయిగా అనిపించదు.

ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? ఖర్చెంత?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ దుకాణంలో చూసి కొనుక్కునేంత ఎంపిక నాకు దొరకలేదు. విశాఖపట్నం వెళ్లినప్పుడు చూస్తాను, లేదంటే ఆన్‌లైన్. హైదరాబాద్ వెళ్తే ఆదివారం పొద్దున్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతాను. పేపర్‌బ్యాక్‌కి నాకు ఐదారు వందల నుంచి పన్నెండు వందల దాకా అవుతుంది. మరీ తక్కువకి వస్తోందంటే అనుమానించండి. ఒకసారి అలా తెప్పించిన పుస్తకంలో బొమ్మలు మసకగా, జిరాక్స్ తీసినట్టు ఉన్నాయి.

ఫోన్లోనో ట్యాబ్‌లోనో చదవడం ఇష్టమైతే మార్వెల్ అన్‌లిమిటెడ్ చందా కడితే 30 వేలకు పైగా సంచికలు చదువుకోవచ్చు.

దాచిపెడితే తర్వాత మంచి ధర వస్తుందా?

రాదు. పది సెంట్లకి అమ్మిన సూపర్‌మ్యాన్ మొదటి సంచిక 2024లో 60 లక్షల డాలర్లకి పోయింది. అది 1938 నాటి అసలు ప్రతి. సంకలనాలు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంటాయి. చదవడానికే కొనండి.

ఆ 60 లక్షల పక్కన ఇంకో అంకె కూడా చెప్పాలి. సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో ఆ హక్కులు 130 డాలర్లకి ఇచ్చేశారు. బ్యాట్‌మ్యాన్‌ని బాబ్ కేన్‌తో కలిసి తయారుచేసిన బిల్ ఫింగర్ పేరు అధికారికంగా వెయ్యడం మొదలైంది 2015లో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. నేను ఏ పుస్తకం గురించి చెప్పినా రచయిత పేరూ చిత్రకారుడి పేరూ చెప్పేది అందుకే. మీరూ అట్ట మీద ఆ పేర్లు చూసి కొనడం అలవాటు చేసుకోండి. హీరో పేరు చూసి కొంటే ఒకటి బాగుంటుంది, మూడు బాగుండవు. నచ్చిన రచయిత పేరుతో వెళ్తే అంత మోసం ఉండదు.

మన తేమకి పుస్తకాలు పాడవకుండా ఎలా?

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ రెక్క ఊడిపోయి వాన లోపలికి కొట్టింది. కింది అరలో మూడు పుస్తకాలు తడిశాయి. నాలుగు రోజులు కరెంటు లేదు, ఇంటి పనే సరిపోయింది. పుస్తకాలు తీసి చూసేసరికి పేజీలన్నీ అతుక్కుపోయి ఇటుకల్లా గట్టిపడ్డాయి. నున్నటి మెరిసే కాగితం తడిసి, అలాగే ఆరిపోతే ఇంక విడదీయలేం. తడిగా ఉన్నప్పుడే పేజీకీ పేజీకీ మధ్య కాగితం పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాలని అప్పుడు తెలియదు.

ఇప్పుడు కింది అర ఖాళీగా ఉంచుతాను. పుస్తకాలు గోడకి ఆనకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదులుతాను. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అరల్లో వేస్తాను. వానాకాలంలో పదిహేను రోజులకోసారి పుస్తకాలన్నీ తీసి విప్పి చూస్తాను. ఎండలో మాత్రం పెట్టను, రంగు వెలిసిపోతుంది. మిగతా పుస్తకాల్లో పెట్టినట్టే వేపాకు కూడా పెడుతుంది అమ్మ.

సినిమాలు చూసేశాం, ఇంకా చదవడమెందుకు?

సినిమాలో పేజీ తిప్పేది మీరు కాదు. గరివిడిలో ఆగిన ఆ పేజీ దగ్గర నేను ఎంతసేపు ఉండాలనుకుంటే అంతసేపు ఉన్నాను.

మీ పుస్తకాలు అరువిస్తారా?

ఇస్తాను. ఒక నోటుబుక్కులో పేరు, తేదీ రాసుకుంటాను. ఒక్కోసారి ఒక్కటే ఇస్తాను. అది తిరిగొచ్చాక ఏం నచ్చిందో చెబితే, దాన్ని బట్టి తర్వాతిది తీస్తాను. ప్రస్తుతం ఇయర్ వన్ మా ఆఫీసులో ఉంది, ముగ్గురు చేతులు మారింది. మార్వెల్స్ మేనల్లుడి దగ్గర ఉంది. మిజ్ మార్వెల్ మొదటి భాగం మా వీధి చివరింటి అమ్మాయి తీసుకెళ్లింది. రెండో భాగం తన కోసం తీసి బల్ల మీద పెట్టాను.